ఆనర్స్ పట్టాకు చివరి నిబంధన ఏది ఉండాలి? థీసిస్, క్యాప్‌స్టోన్, కోర్సులు, పాయింట్ల మధ్య ఎంపిక

ఆనర్స్ ప్రోగ్రామ్ నిబంధనలు మార్చడానికి కమిటీ వేస్తే, మొదటి మీటింగ్‌లోనే మాట థీసిస్ మీదికి వెళ్లిపోతుంది. ‘థీసిస్ లేకపోతే అది ఆనర్స్ ఎలా అవుతుంది?’ అని ఒకరు అంటారు. ‘థీసిస్ భయంతోనే సగం మంది మానేస్తున్నారు’ అని ఇంకొకరు. రెండు గంటలు గడిచిపోతాయి, ఎవరి మాట మీద వాళ్లే ఉంటారు. అలాంటి కమిటీలో నేను కూర్చున్నాను. మా దగ్గర మాట ముందుకు కదిలింది పాత ఫైళ్లు బయటికి తీసిన రోజున. చేరినవాళ్లలో ఎవరు ఏ మెట్టు దగ్గర ఆగిపోయారో ఒక్కొక్కరికీ రాసుకుంటూ వెళ్లాం.

అందులో ఒక ఫైలు నాకు ఇప్పటికీ గుర్తుంది. జీపీఏ (4కి లెక్కించే గ్రేడ్ల సగటు) 3.8. ఆనర్స్ కోర్సులన్నీ పూర్తయ్యాయి. థీసిస్ ప్రతిపాదన ఫారం మీద గైడ్ సంతకం ఉంది, దాని కింద రెండో రీడర్ (గైడ్ కాక థీసిస్ చదివి అంచనా వేసే మరో అధ్యాపకుడు) సంతకం చేయాల్సిన గడి ఖాళీగా ఉంది. ఫారం మూలన పెన్సిల్‌తో మూడు పేర్లు, మూడూ కొట్టేసి ఉన్నాయి. ఆ అమ్మాయి ముగ్గురిని అడిగింది, ముగ్గురికీ తీరిక లేదు. ఆమె ఆనర్స్ అక్కడే ఆగిపోయింది. మా నిబంధన రాసినవాళ్లు ఆమె చదువును కొలుస్తున్నామనుకున్నారు. నిజానికి అది కొలిచింది ఆ విభాగంలో ఎంతమంది అధ్యాపకులకు ఖాళీ ఉందో.

మీరూ ఇప్పుడు ఇలాంటి ఎంపిక దగ్గరే ఆగి ఉంటే, కింది నాలుగు దారులను పోల్చి చూసుకోండి: థీసిస్, క్యాప్‌స్టోన్ (చదువు చివర్లో విద్యార్థి పూర్తి చేసే ఒక పెద్ద పని), ఆనర్స్ కోర్సులు, పాయింట్లు. నాలుగేళ్ల డిగ్రీ, 120 క్రెడిట్లు, దానిలోనే ఆనర్స్ అనే అమెరికా తరహా ప్రోగ్రామ్‌ను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. భారతదేశంలో యూజీసీ పద్ధతి ఎక్కడ తేడాగా ఉందో సందర్భం వచ్చినచోట చెబుతాను.

## ముందు వేటిని బట్టి పోల్చాలి?

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది, ఈ పట్టా దేనికి సాక్ష్యం అన్నది. ఆనర్స్ అనే మాటకు అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. ఇంగ్లండ్‌లో మామూలు బ్యాచిలర్ డిగ్రీకి 300 క్రెడిట్లయితే ఆనర్స్ డిగ్రీకి 360. అక్కడ ఎక్కువ మంది తీసుకునేది ఆనర్స్ డిగ్రీయే. తేడా అంతా ఫస్టా, సెకండా అన్న తరగతిలో ఉంటుంది. భారతదేశంలో యూజీసీ 2022లో ఇచ్చిన పాఠ్యక్రమ చట్రం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగేళ్ల ఆనర్స్‌కు 160. అంటే అక్కడ ఆనర్స్ ఒక అదనపు సంవత్సరం. అమెరికాలో మాత్రం అవే నాలుగేళ్లలో, అవే 120 క్రెడిట్లలో, కొంత భాగం వేరే రకంగా చదవడం. ‘ఎక్కువగా చదివాడు’ అని చెప్పాలా, ‘లోతుగా చదివాడు’ అని చెప్పాలా, ‘సొంతంగా ఒక పని పూర్తి చేశాడు’ అని చెప్పాలా అన్నది కమిటీ ఒక్క వాక్యంలో రాసుకోవాలి. ఆ వాక్యం రాయకుండా థీసిస్ గురించి వాదించుకుంటే ఎన్ని మీటింగులు పెట్టినా తెగదు.

రెండోది అధ్యాపకుల గంటలు. దీన్ని అందరూ చివర్లో చూస్తారు, ముందే చూడాలి. చివరి ఏడాదిలో 60 మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరికీ గైడ్‌తో వారానికి ఒక గంట, రెండు సెమిస్టర్లు కలిపి 30 వారాలు. మొత్తం 1,800 గంటలు. గైడ్‌గా ఉండటానికి 12 మంది ముందుకొస్తే తలా 150 గంటలు పడతాయి. రెండో రీడర్ సమయం, వైవా సమయం ఇందులో లేవు. అదే 60 మందిని 15 మంది చొప్పున నాలుగు సెమినార్లుగా చేసి, వారానికి 3 గంటలు, 15 వారాలు నడిపితే తరగతి సమయం 180 గంటలు. ఒక్కో విద్యార్థి పని చదివి వ్యాఖ్యలు రాయడానికి 6 గంటలు వేసుకున్నా ఇంకో 360. మొత్తం 540. ఈ రెండు అంకెలూ బోర్డు మీద పక్కపక్కన రాసి పెట్టండి, చర్చ తీరే మారిపోతుంది.

మూడోది, అన్ని విభాగాల విద్యార్థులకూ ఇది చేతనవుతుందా అన్నది. నర్సింగ్ విద్యార్థికి క్లినికల్ గంటలు ఉంటాయి. ఇంజనీరింగ్‌లో గుర్తింపు ఇచ్చే అబెట్ సంస్థ చివర్లో ఒక పెద్ద డిజైన్ ప్రాజెక్టు ఉండాలని ముందే అడుగుతోంది. దాని మీద మళ్లీ వేరే థీసిస్ అంటే ఒకే ఏడాదిలో రెండు పెద్ద పనులు. సాయంత్రం ఉద్యోగం చేసుకునేవాళ్లు, వేరే కాలేజీ నుంచి మూడో ఏట వచ్చి చేరినవాళ్లు కూడా ఇదే లెక్కలోకి వస్తారు.

మూల్యాంకనం సమానంగా ఉంటుందా, రిజిస్ట్రార్ ఆఫీసు ఈ నిబంధన నెరవేరిందో లేదో తేలిగ్గా చూసుకోగలదా అన్న రెండూ చిన్నవిగా కనిపిస్తాయి కానీ అమలులో తలనొప్పి తెచ్చేవి అవే.

## నాలుగు దారులు ఒకచోట

| | థీసిస్ తప్పనిసరి | రకరకాల రూపాల క్యాప్‌స్టోన్ | ఆనర్స్ కోర్సులు మాత్రమే | పాయింట్లు |
|---|---|---|---|---|
| పట్టా చెప్పేది | సొంత పరిశోధన చేశాడు | సొంతంగా ఒక పని పూర్తి చేశాడు | కష్టమైన తరగతుల్లో నెగ్గాడు | చాలా పనుల్లో పాల్గొన్నాడు |
| అధ్యాపకుల సమయం | చాలా ఎక్కువ | మధ్యస్థం | తక్కువ | తక్కువ, కానీ ఆఫీసు పని ఎక్కువ |
| విద్యార్థి ఆగిపోయే చోటు | గైడ్, రీడర్ దొరకకపోవడం | రూపం ఎంచుకోవడంలో ఆలస్యం | పై ఏడాదుల్లో కోర్సులు లేకపోవడం | రుజువులు చూపలేకపోవడం |
| సమాన మూల్యాంకనం | విభాగాన్ని బట్టి | గట్టి రూబ్రిక్ (మూల్యాంకన ప్రమాణాల పట్టిక) ఉంటేనే | గ్రేడ్ల ద్వారా | లెక్కే ఉంటుంది, నాణ్యత ఉండదు |

## థీసిస్ తప్పనిసరి

దీని బలం అందరికీ తెలిసిందే. ఏడాది పాటు ఒకే ప్రశ్నను పట్టుకుని కూర్చోవడం, చదివినదంతా ఒక వాదనగా మలచడం, చివర్లో ఇద్దరు ముగ్గురి ఎదుట నిలబడి సమాధానం చెప్పడం విద్యార్థిని మార్చేస్తాయి. పీహెచ్‌డీకి వెళ్లాలనుకునేవాళ్లకు ఇంకో లాభం కూడా ఉంది. ఏడాది దగ్గర నుంచి చూసిన గైడ్ రాసే సిఫార్సు లేఖలో చెప్పడానికి విషయం ఉంటుంది.

కానీ అన్ని విభాగాల్లో థీసిస్ ఒకే పని కాదు. ల్యాబ్ ఉన్న చోట విద్యార్థి అప్పటికే నడుస్తున్న ప్రాజెక్టులో ఒక ముక్క తీసుకుంటాడు. పరికరాలు ఉంటాయి, పక్కన సీనియర్లు ఉంటారు. చరిత్ర చదివే అమ్మాయి మాత్రం ప్రశ్న తనే వెతుక్కోవాలి, ఆధారాలు తనే వెతుక్కోవాలి. మనుషులను ఇంటర్వ్యూ చేసి రాయాలంటే నైతిక సమీక్ష కమిటీ అనుమతి రావాలి. అది వారాలు పట్టిందంటే మొదటి సెమిస్టర్ అందులోనే పోతుంది. అందరికీ ఒకటే గడువు పెట్టి, ఒకటే పేజీల సంఖ్య పెట్టి, ఇది సమానత్వం అనుకుంటాం.

థీసిస్ ఉంచాలనుకుంటే ఒక్క మార్పు మాత్రం తప్పక చేయండి. మూడో ఏడాది రెండో సెమిస్టర్‌లో ఒక క్రెడిట్ ప్రతిపాదన కోర్సు పెట్టండి. ఆ కోర్సు అయ్యేసరికి ప్రశ్న, గైడ్ పేరు, రెండో రీడర్ పేరు, అవసరమైతే నైతిక సమీక్ష దరఖాస్తు, నాలుగూ చేతిలో ఉండాలి. రెండో రీడర్‌ను వెతికే బాధ్యత విద్యార్థి మీద వేయకుండా ప్రోగ్రామ్ తీసుకోవాలి. నేను పైన చెప్పిన ఫైలు లాంటిది మళ్లీ రాకూడదంటే ఇదొక్కటీ చాలావరకు పని చేస్తుంది.

## రకరకాల రూపాల క్యాప్‌స్టోన్

థీసిస్ ఇందులో ఒక రూపం. దాంతోపాటు డిజైన్ ప్రాజెక్టు, కచేరీ లేదా ప్రదర్శన, ఒక సంస్థ కోసం చేసిన విశ్లేషణ, పాఠ్యప్రణాళిక, సాఫ్ట్‌వేర్ లాంటివి కూడా అంగీకరిస్తారు. ఇంజనీరింగ్ విద్యార్థి తన విభాగం అడిగే డిజైన్ ప్రాజెక్టునే తీసుకుని, దానికి ఆనర్స్ కోసం మరో పొర జోడించవచ్చు. ఆ డిజైన్ ఎవరి మీద ఏ ప్రభావం చూపుతుందో విడిగా పరిశీలించి రాయడం, వేరే విభాగం వాళ్ల ముందు వివరించడం లాంటివి.

నా మొగ్గు దీనివైపే. అయితే ఒక షరతు ఉంది, అది తేలిక షరతు కాదు. రూపాలు ఎన్ని ఉన్నా రూబ్రిక్ ఒక్కటే ఉండాలి. మేము చివరికి నాలుగు ప్రశ్నల దగ్గర ఆగాం. విద్యార్థి తన ప్రశ్నను తనే వేసుకున్నాడా? ఆ రంగంలో అప్పటికే ఉన్న పనిని తెలుసుకుని మొదలుపెట్టాడా? తీసుకున్న నిర్ణయాలకు కారణాలు రాసి చూపాడా? తన రంగం కాని మనిషికి అర్థమయ్యేలా చెప్పగలిగాడా? కచేరీ ఇచ్చిన విద్యార్థి కూడా ఈ నాలుగింటికీ జవాబు ఇవ్వాల్సిందే. ఆ రాగాలనే ఎందుకు ఎంచుకుంది, ఆ వరుసలోనే ఎందుకు పాడింది అని పది పేజీలు రాయాలి. ఆ రాత లేకుండా ప్రదర్శన ఒక్కదాన్నే అంగీకరిస్తే, ఏడాది తిరక్కుండానే ‘మా విభాగంలో కష్టం ఎక్కువ, వాళ్ల విభాగంలో తక్కువ’ అన్న గొడవ మొదలవుతుంది.

గ్రూపు ప్రాజెక్టుల సంగతి జాగ్రత్తగా రాసుకోండి. నలుగురు కలిసి చేసిన పనిలో ఎవరి వాటా ఎంతో తేల్చాలంటే, ఒక్కొక్కరూ తన భాగం గురించి విడిగా రాయాలి, విడిగా వైవాకు కూర్చోవాలి.

## ఆనర్స్ కోర్సులు మాత్రమే

ఇన్ని ఆనర్స్ క్రెడిట్లు, ఇంత జీపీఏ, అంతే. రిజిస్ట్రార్ ఆఫీసు కంప్యూటర్‌లో చూసి చెప్పేయగలదు, టెన్షన్ లేదు. ఎన్ని క్రెడిట్లు అన్నదానికి ఒక పాత కొలత ఉంది. అమెరికాలోని నేషనల్ కాలేజియేట్ ఆనర్స్ కౌన్సిల్ చాలాకాలం చెప్పిన సూచన ప్రకారం ఆనర్స్ పని మొత్తం చదువులో సాధారణంగా 20 నుంచి 25 శాతం ఉండాలి, 15 శాతానికి తగ్గకూడదు. 120 క్రెడిట్ల డిగ్రీలో అది 24 నుంచి 30, కనీసం 18.

చిక్కు ఎక్కడంటే, ఆనర్స్ సెక్షన్లు ఎక్కువగా మొదటి రెండేళ్ల సాధారణ కోర్సుల్లో ఉంటాయి. మూడో ఏడాదికి వచ్చేసరికి ఎవరి విభాగం వాళ్లది. పదిమంది కూడా రాని కోర్సుకు ఆనర్స్ సెక్షన్ తెరవరు. అప్పుడు ఆనర్స్ కాంట్రాక్ట్ వస్తుంది. మామూలు కోర్సులోనే ఉంటూ, అధ్యాపకుడితో ఒప్పందం చేసుకుని అదనంగా ఏదో చేస్తే దానికి ఆనర్స్ క్రెడిట్ ఇస్తారు. ఆ ‘ఏదో’ చాలాసార్లు మరో పది పేజీల వ్యాసమే అవుతుంది. అది చదువు లోతును పెంచదు, విద్యార్థి నిద్రను తగ్గిస్తుంది. కోర్సుల దారిలో వెళ్లాలంటే కాంట్రాక్ట్ ద్వారా వచ్చే క్రెడిట్లకు ఒక పరిమితి పెట్టండి, 24లో 6కు మించకుండా. కనీసం రెండు కోర్సులు మూడు, నాలుగు ఏడాదుల స్థాయివి అయి ఉండాలని కూడా రాయండి.

## పాయింట్లు

ఇంటర్న్‌షిప్‌కు ఇన్ని, సేవా కార్యక్రమానికి ఇన్ని, విదేశీ సెమిస్టర్‌కు ఇన్ని అని పాయింట్లు కూడగట్టుకునే పద్ధతి ఇది. మొదటి రెండేళ్లలో విద్యార్థులను గది బయటికి తీసుకురావడానికి బాగా పనికొస్తుంది. పట్టాకు చివరి నిబంధనగా మాత్రం నేను దీన్ని సమర్థించను. జీతం లేని ఇంటర్న్‌షిప్ ఎవరు చేయగలరో, ఎవరు చేయలేరో మనకు తెలుసు. ఫీజు కట్టుకోవడానికి రాత్రి షిఫ్టులు చేసే విద్యార్థికి ఆ పని మీద ఒక్క పాయింటూ రాదు. పైగా హాజరు లేఖలు, సర్టిఫికెట్లు సరిచూడడానికే ఆఫీసులో ఒక మనిషి కావాలి. ప్రోగ్రామ్‌లో కొనసాగడానికి ఏడాదికో చిన్న షరతుగా ఉంచితే చాలు, ఉద్యోగాన్ని కూడా అందులో లెక్కించాలి.

## ఇంకో రెండు ఆలోచనలు

అమెరికాలోని స్వార్త్‌మోర్ కాలేజీలో అప్పటి అధ్యక్షుడు ఫ్రాంక్ ఐడలాట్ 1922లో ఆక్స్‌ఫర్డ్ పద్ధతి చూసి ఆనర్స్ మొదలుపెట్టారు. అక్కడ విద్యార్థిని చివర్లో పరీక్షించేది తన అధ్యాపకులు కాదు, వేరే విద్యాసంస్థల నుంచి వచ్చే పరీక్షకులు. రాతపరీక్ష, మౌఖిక పరీక్ష రెండూ ఉంటాయి. గైడ్, విద్యార్థి ఒకవైపు ఉండి బయటి మనిషిని ఒప్పించాల్సి రావడం వాళ్లిద్దరి సంబంధాన్నే మార్చేస్తుంది. పెద్ద ప్రోగ్రామ్‌కు ఇది ఖర్చుతో కూడిన పని. కానీ క్యాప్‌స్టోన్ వైవాలో విభాగం బయటి రీడర్ ఒక్కరుండాలి అన్నంత వరకు ఎవరైనా అరువు తెచ్చుకోవచ్చు.

రెండోది, రెండు మెట్ల పట్టా. యూజీసీ చట్రం దీనికి దగ్గరి ఉదాహరణ. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన వచ్చి పరిశోధన చేయాలనుకునేవాళ్లు నాలుగో ఏట 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేసి ‘ఆనర్స్ విత్ రీసెర్చ్’ తీసుకుంటారు. మిగిలినవాళ్లు ఆ 12 క్రెడిట్లకు బదులు కోర్సులు చేసి ఆనర్స్ తీసుకుంటారు. గైడ్ల మీద భారం అదుపులో ఉంటుంది, ఎవరూ ఖాళీ చేతులతో పోరు. కాకపోతే తలుపు దగ్గర మార్కులే కాపలా ఉంటాయి. 73 శాతం వచ్చి, ప్రశ్నలు బాగా వేసే విద్యార్థికి ఆ తలుపు తెరుచుకోదు. సొంతంగా నిబంధన రాసుకునే స్వేచ్ఛ ఉన్న ప్రోగ్రామ్ అయితే, మార్కులకు తోడు ప్రతిపాదనను కూడా చూసి నిర్ణయించే వీలు ఉంచండి.

## ఎవరికి ఏది

గైడ్లు తక్కువగా ఉన్న చిన్న కాలేజీ అయితే థీసిస్ తప్పనిసరి జోలికి పోవద్దు. సెమినార్ రూపంలో నడిచే క్యాప్‌స్టోన్ సరిపోతుంది, కావాలన్నవాళ్లకు థీసిస్ తెరిచి ఉంచండి. ల్యాబులు, పరిశోధక విద్యార్థులు ఉన్న పెద్ద విశ్వవిద్యాలయంలో, ఎక్కువ మంది పై చదువులకే వెళ్తున్నారంటే, ప్రతిపాదన కోర్సు ముందు పెట్టి థీసిస్ ఉంచుకోవడం సబబే. నర్సింగ్, ఇంజనీరింగ్, ఉపాధ్యాయ శిక్షణ విద్యార్థులు సగానికి పైగా ఉంటే, విభాగం అడిగే చివరి పని మీదే ఆనర్స్ పొర వేసే క్యాప్‌స్టోన్ తప్ప వేరే న్యాయమైన దారి నాకు కనిపించలేదు. మూడో ఏట వచ్చి చేరేవాళ్లు ఎక్కువైతే, వాళ్లకు కోర్సుల క్రెడిట్లు తగ్గించి క్యాప్‌స్టోన్ మాత్రం అందరితో సమానంగా ఉంచండి. చివరి పని ఒకటే అయినప్పుడు వాళ్ల పట్టాను ఎవరూ తక్కువగా చూడరు.

మీరు కమిటీలో విద్యార్థి ప్రతినిధి అయితే, అడగవలసిన మొదటి ప్రశ్న: గత అయిదేళ్లలో చేరినవాళ్లెందరు, పూర్తి చేసినవాళ్లెందరు, మిగిలినవాళ్లు ఏ మెట్టు దగ్గర ఆగారు? ఆ పట్టిక వచ్చేవరకు ఓటు వేయకండి.

## జీపీఏ కటాఫ్ సంగతి

చివరి నిబంధన ఏదైనా, దాని పక్కన ఒక జీపీఏ అంకె ఉంటుంది. 3.5 పెట్టారనుకోండి. 60 క్రెడిట్ల దగ్గర 3.2 ఉన్న విద్యార్థి మిగిలిన 60లో సగటున 3.8 తెచ్చుకోవాలి. 90 క్రెడిట్ల దగ్గర 3.4 ఉన్నా మిగిలిన 30లో అదే 3.8 కావాలి. మొదటి సెమిస్టర్‌లో ఇల్లు విడిచి వచ్చి తడబడిన పిల్లలకు ఈ లెక్క మూడేళ్లు వెంటాడుతుంది. దాన్నుంచి తప్పించుకోవడానికి వాళ్లు చేసేది ఒకటే, కష్టమైన కోర్సులు వదిలేసి గ్రేడ్ తేలిగ్గా వచ్చేవి తీసుకోవడం. ఆనర్స్ పేరుతో మనం కోరుకున్నదానికి ఇది సరిగ్గా ఎదురు. నన్నడిగితే కొనసాగడానికి 3.2, పూర్తి చేసేనాటికి 3.4 చాలు, మిగతా బరువంతా చివరి పని మీద వేయాలి. మొత్తం జీపీఏకు బదులు చివరి 60 క్రెడిట్ల జీపీఏ చూసే వీలును కూడా నిబంధనలోనే రాయవచ్చు.

## మార్పు ఎవరికి వర్తిస్తుంది

ఇక్కడ పొరపాటు జరిగితే మంచి నిబంధన కూడా చెడ్డపేరు తెచ్చుకుంటుంది. విద్యార్థి ఏ ఏడాది కేటలాగ్ (కాలేజీ నిబంధనల పుస్తకం) కింద చేరాడో ఆ నిబంధనలే అతనికి వర్తించాలి. కొత్తవి తనకు మేలనుకుంటే మారే హక్కు కూడా అతనికి ఉండాలి, ఒక్కసారి, రాతపూర్వకంగా. అంటే మూడేళ్ల పాటు పాతది, కొత్తది రెండూ పక్కపక్కన నడుస్తాయి. దానికి ఆఫీసు సిద్ధంగా ఉందో లేదో సర్క్యులర్ పంపకముందే రిజిస్ట్రార్‌ను అడిగి తెలుసుకోండి. థీసిస్ మధ్యలో ఉన్నవాళ్లకు ప్రోగ్రామ్ వాళ్లే విడిగా ఉత్తరం రాయాలి: మీ గైడ్ మారరు, మీ గడువు మారదు, మీ రెండో రీడర్ ఫలానా వారు అని పేరుతో సహా.